సరిచూడబడిన ఓట్లు

మా బావ ఊరి ఎన్నికల్లో నిలబడ్డప్పటి నుంచి మా లాండ్రీకి ఆయన చొక్కాలు ఎక్కువయ్యాయి. అన్నీ తెల్లవే. మడత మీద వేలు పెడితే తెగాలన్నంత గట్టిగా ఇస్త్రీ పడాలి. ఉతికే ముందు జేబులు తడిమి చూడటం మా పనిలో మొదటి పాఠం కాబట్టి, ఆయన ఉపన్యాసాలు జనం కంటే ముందు నాకే దొరికేవి. చాలావాటిని నీళ్ళలో పడకుండా కాపాడాను. పడినా లోకానికి నష్టమేమీ లేదు గానీ, అక్షరం ఉన్న కాగితాన్ని పారేయడానికి నాకు చెయ్యి రాదు.

అందులో ఒకటి ఇలా ఉంది: "పోస్టులో వేసే ఓటును నమ్మకండి. ఆ కవరు దారిలో ఎవరి చేతిలో పడుతుందో, ఎవరు ఆవిరి పట్టి విప్పుతారో, ఎవరు మళ్ళీ జిగురు పెట్టి అంటిస్తారో మీకు తెలుసా? మీ కాళ్ళతో నడిచి రండి. మీ చేత్తో మీరే వేయండి."

నిజమే కదా అనుకున్నాను. పంపేసిన వాటి మీద నాకూ అంత నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే ఇంట్లో దేవుడి పటం ముందు నిలబడి చెప్పుకునేవే అందుతున్నాయో లేదో తెలియదు, ఇంక తపాలా డబ్బాలో వేసినవాటి సంగతి ఏం చెప్పగలం? గుడికి వెళ్ళి చెప్పుకుంటే మాత్రం అందినట్టే ఉంటుంది. ఎక్కడైనా వినేవాడు ఒకడేగా అని మా ఆవిడ అంటుంది. అదీ నిజమే. మరి రెండింటికీ ఎందుకంత తేడా అనిపిస్తుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ చొక్కా ఇస్త్రీ చేసి పంపిన సాయంత్రమే బావ మా ఇంటికి వచ్చాడు. మా అక్క మొగుడు ఆయన. బజారులో రబ్బరు ముద్రల షాపు. ఊళ్ళో ఏ ఆఫీసులో ఏ కాగితం మీద ఠప్పుమని ముద్ర పడ్డా అది ఆయన చెక్కిందే. ముద్ర లేనిది లోకంలో లేనట్టే అని ఆయన గట్టి నమ్మకం. ఇంట్లో పంచదార డబ్బా మీద 'తనిఖీ అయినది' అని ఉంటుంది. పెళ్ళి ఫోటో వెనక 'అసలు ప్రతి' అని ఉంటుంది. నకలు ఎక్కడుందని మా అక్కను ఒకసారి అడిగితే, "ఉంటే దాన్ని ఆయనతో ఉంచి నేను వచ్చేసేదాన్ని కదరా," అంది.

బావ కుర్చీలో కూర్చుని, "మనింటి వాళ్ళందరికీ పోస్టు ఓట్లు తెప్పించాను," అన్నాడు.

"మాకేమీ రాలేదే," అన్నాను.

"మీ ఇంటికి ఎందుకొస్తాయి? చిరునామా నాది ఇచ్చాను. మీరైతే ఎక్కడో పారేస్తారు."

మా ఊళ్ళో పోస్టు ఓటు అడిగినవాళ్ళందరికీ ఇస్తారు. అప్పుడెప్పుడో ఏదో కాగితం తెచ్చి సంతకాలు పెట్టమంటే పెట్టాం. అది ఇదన్నమాట.

"బావా, పోస్టు ఓటును నమ్మొద్దని రాశారు కదా."

"ఎవరు రాశారు?"

"మీరే. చొక్కా జేబులో ఉంది."

"అది జనానికి రా బామ్మర్దీ. వాళ్ళు పోస్టులో పడేస్తే అవి ఎటు పోతాయో నాకేం తెలుసు? మన ఓట్లు ఎటు పోతాయో మాత్రం నాకు తెలియాలా వద్దా?"

ఈ మాటలకు మంచం మీద పడుకున్న మా అమ్మ లేచి కూర్చుంది. అమ్మకు చెవుడు. అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

"ఓటిదైతే ఎందుకు తెచ్చావు నాయనా? షాపువాడికి తిరిగిచ్చేయ్."

"ఓటి కాదు అత్తయ్యగారూ, ఓటు. కారేది కాదు."

"కారదని నీకెలా తెలుసు? నీళ్ళు పోసి చూశావా?"

బావ అమ్మతో వాదన పెట్టుకోడు. లేచి నిలబడి, "ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేయండి. తిన్నాక అందరం బల్ల చుట్టూ కూర్చుని నింపేద్దాం. నేనే వెళ్ళి ఆఫీసులో ఇచ్చేస్తాను," అన్నాడు. మా ఆవిడ వైపు తిరిగి, "ఏం చెల్లెమ్మా?" అన్నాడు.

మా ఆవిడ ఒక ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. నోట్లో దారం ఉంది. తల ఊపింది. ఆయన వెళ్ళేదాకా ఆ దారం నోట్లోంచి తియ్యలేదు.

మా ఆవిడకు బజారు పక్కసందులో చిన్న చోటు ఉంది. ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, పైన రేకు. జిప్పులు మారుస్తుంది, అంచులు మడుస్తుంది, లావైనవాళ్ళకు వదులు చేస్తుంది, సన్నబడ్డామని భ్రమపడేవాళ్ళకు బిగిస్తుంది. పక్కన తాళాలు చేసేవాడు, ఆ పక్కన గొడుగులు బాగుచేసేవాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ మిషను అక్కడే ఉంది. మా బావ గెలిస్తే చేసే మొదటి పని ఆ సందు ఖాళీ చేయించి కార్లు పెట్టుకునే చోటుగా మార్చడం. ఆ మాట మీదే పెద్ద షాపులవాళ్ళు ఆయన్ని నిలబెట్టారు. ఆయన మీద పోటీ చేస్తున్నది మందుల షాపావిడ. సందు జోలికి ఎవర్నీ రానివ్వనని ఆవిడ అంటోంది.

"ఇంట్లో కూర్చుని కుట్టుకో చెల్లెమ్మా, నీడపట్టున," అని బావ ఒకసారి అన్నాడు. మా ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఒక బొత్తాం కోసం మూడంతస్తులు ఎక్కేవాడికి ఎక్కేలోపు ఇంకో రెండు బొత్తాలు ఊడతాయి.

ఆయన వెళ్ళాక మా ఆవిడ దారం తీసింది. "ఏమండీ, అది ఎవరి ఓటు?"

"నీదే."

"నా ఓటుతో నా మిషను నేనే రోడ్డు మీద పెట్టుకోవాలి. ఆయన కళ్ళెదురుగా, ఆయనిచ్చిన పెన్నుతో. పైగా అన్నం తినేసి."

"వెళ్ళకపోతే అక్క ఏమనుకుంటుందో."

"మీ అక్క ఏమీ అనుకోదు. అనుకునే అలవాటు ఆవిడకు ఎప్పుడో పోగొట్టారు మీ బావ."

"పోలింగు రోజు వెళ్ళి వేస్తామని చెబితే?"

"ఎందుకు అంటారు. ఏం చెబుతారు మీరు?"

నేను ఏమీ చెప్పలేనని ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి దేవుడి ముందు నిలబడి, స్వామీ, మా బావను ఓడించు అని అడగబోయి ఆగిపోయాను. అక్క మెడలో తాళి కట్టినవాడు. గెలిపించు అని అడగబోతే మిషను కళ్ళముందుకు వచ్చింది. చివరికి, నీకు తెలియనిదేముంది అని వదిలేశాను. దేవుడికి పని అప్పగించి మనం నిద్రపోవడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు.

ఆదివారం భోజనాలయ్యాక అక్క బల్ల తుడిచింది. బావ పెన్నులు పరిచాడు. ప్రతి పెన్నుకూ దారం, దారం రెండో కొస బల్ల కాలికి. ఒక్కొక్కరికీ ఒక ఓటు కాగితం, అది పెట్టడానికి చిన్న కవరు, ఆ చిన్న కవరు పెట్టడానికి పెద్ద కవరు. పెద్ద కవరు మీద సంతకం చెయ్యాలి. అమ్మ, నేను, మా ఆవిడ, అక్క, బావ. ఐదుగురం ఒకే బల్ల చుట్టూ పరీక్ష రాసేవాళ్ళలా కూర్చున్నాం.

"ఇది రహస్య ఓటింగు," అన్నాడు బావ. "ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. అందరివీ నేనొక్కడినే చూస్తాను."

అమ్మ కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈ రెండో పేరు ఎవరిది?"

"మందుల షాపావిడది. దాని జోలికి పోకండి అత్తయ్యగారూ."

"పాపం, ఆవిడే కదా నాకు మోకాళ్ళ మందు ఇచ్చేది. ఇద్దరికీ ఒక్కో గీత పెడితే ఎవరూ బాధపడరు కదా."

"అలా పెడితే చెల్లదు."

"ఇద్దరూ బాగుండాలంటే చెల్లదా? ఇదేం లెక్క నాయనా?"

బావ ఆమె వేలు పట్టుకుని తన పేరు పక్కన గీత పెట్టించాడు. తర్వాత నా వెనక నిలబడ్డాడు. నేను పెట్టాను. తర్వాత మా ఆవిడ కుర్చీ వెనకకు వెళ్ళాడు. మా ఆవిడ చేతిలో సూది ఎప్పుడూ తడబడదు. ఆ రోజు పెన్ను తడబడింది. బావ కొంచెం ముందుకు వంగాడు, కంటికి సరిగ్గా ఆననట్టు. ఆమె గీత పెట్టి, కాగితం మడిచి, కవరులో పెట్టి, ఇంకెవరి వైపూ చూడకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎవరిదో బట్ట కుడుతూ పొరపాటున తన చీర కొంగు కలిపి కుట్టేసినప్పుడు ఆమె ముఖం అలా ఉంటుంది.

అక్క కవర్లతో పాటు వచ్చిన కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకుంది. "ఏమండీ, కింద సన్నక్షరాల్లో ఏదో ఉంది."

"సన్నక్షరాలు చదివేవాళ్ళకు పనీపాటా ఉండదు."

"సంతకం తప్ప కవరు మీద ఇంకేదో..."

"నాకు చెప్పకు. కాగితాలతోనే పుట్టి పెరిగాను."

అక్క కళ్ళజోడు తీసేసింది. కాగితం నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది. బావ చెయ్యి అప్పటికే ముద్ర కోసం బల్ల మీద వెతుకుతోంది. అక్క సిరాపెట్టె మూత తీసి ఆయన ముందుకు జరిపింది.

ఠప్, ఠప్, ఠప్. ఐదు పెద్ద కవర్ల మీదా గుండ్రంగా, ఊదారంగులో, 'సరిచూడబడినది' అని పడింది. బావ ఒక్కొక్కటీ వెలుగులో పెట్టి చూసుకున్నాడు. "ఇప్పుడు వీటిని తాకే మొనగాడెవడు?" అన్నాడు. అదే రోజు తీసుకెళ్ళి ఎన్నికల ఆఫీసు గోడకున్న డబ్బాలో తానే వేసి వచ్చాడు.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి ఐదు కవర్లు ఆయన చిరునామాకే వచ్చాయి. కవరు మీద సంతకం కాక వేరే ముద్ర ఉన్నందున మీ పోస్టు ఓటు తిరస్కరించాం, కావాలంటే పోలింగు రోజున గుర్తింపు కార్డుతో స్వయంగా వచ్చి మళ్ళీ వేయవచ్చు, అని ఉంది. ఆ కవర్లు పట్టుకుని బావ లాండ్రీకే వచ్చాడు. నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాను. లేకపోతే ఆయన వేడికి అది చల్లబడేట్టుంది.

"ముద్ర ఉందని చెల్లదంట రా. ముద్ర ఉన్నందుకు చెల్లనిది నా జన్మలో ఇదే చూడటం."

"ఏం చేద్దాం బావా?"

"ఏముంది, అందర్నీ వ్యాన్‌లో తీసుకెళ్తాను. నేను దగ్గరుండి వేయిస్తాను."

ఆ సాయంత్రం అక్క వచ్చింది, ఉతికిన దుప్పట్లు తీసుకెళ్ళడానికి. "సన్నక్షరాల్లో అదే ఉందా అక్కా?" అని అడిగాను. "దుప్పటి అంచు చిరిగింది చూడరా," అంది.

పోలింగు లైబ్రరీ హాల్లో పెట్టారు. బావ వ్యాను గుమ్మం ముందే ఆపాడు. లోపల బల్ల దగ్గర ఒక కళ్ళజోడు ఆవిడ కూర్చుని ఉంది. జాబితాలో పేర్లు వెతికి, కార్డు చూసి, ముఖం చూసి, మళ్ళీ కార్డు చూస్తోంది. ఆవిడ వెనక గోడవారగా బల్లకు మూడువైపులా తెర కట్టారు. బావ అమ్మ చెయ్యి పట్టుకుని నేరుగా తెర వైపు నడిచాడు.

"మీరెక్కడికి?" అంది కళ్ళజోడావిడ.

"మా అత్తగారు. చూపు ఆనదు."

"మీరు పోటీలో ఉన్న అభ్యర్థి కదా. మీ ఫోటో ఊళ్ళో గోడలన్నిటి మీదా ఉంది. అదిగో, ఆ గీత అవతల నిలబడండి."

"నేను వాళ్ళింటి అల్లుణ్ణమ్మా."

"ఇది ఎవరి ఇల్లూ కాదండీ."

అమ్మ ఆయన చెయ్యి విదిలించుకుంది. "చూపు బాగానే ఉంది. వినపడదంతే." కార్డు అందించింది. అది అమ్మ జుట్టు నల్లగా ఉన్నప్పటిది. కళ్ళజోడావిడ దాన్నీ అమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఇది మీరేనా అమ్మా?"

"ఒకప్పుడు."

అమ్మ తెర వెనక చాలాసేపు ఉంది. బయటికి వచ్చి, "కాగితం బాగుంది. ఇంకోటి అడిగితే ఇవ్వలేదు," అంది. తర్వాత అక్క వెళ్ళింది, వెళ్ళినంత తొందరగా వచ్చేసింది. తర్వాత నేను.

తెర వెనక బల్ల, పెన్ను, నేను. దారం ఉంది గానీ దాని రెండో కొస ఎవరి చేతిలోనూ లేదు. అలవాటుగా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. దేవుడు ఒక్కడు చూస్తూ ఉంటాడు, అది మామూలే. కానీ ఆయన మా బావకంటే మర్యాదస్తుడు. వంగి చూడడు. బయటికి వచ్చాక ఎవరికి వేశావని అడగడు. నేను మందుల షాపావిడ పేరు పక్కన గీత పెట్టి మడిచాను. గుండె మాత్రం దొంగతనం చేసినవాడిలా కొట్టుకుంది. నాది నేను తీసుకుంటే దొంగతనం ఎలా అవుతుందో అర్థం కాలేదు.

చివర్లో మా ఆవిడ వచ్చింది. బావ గీత అవతల నుంచే మెడ చాపాడు.

"వేశావా చెల్లెమ్మా?"

"వేశాను అన్నయ్యగారూ."

"మనకేగా?"

"మాకే అన్నయ్యగారూ."

బావ తృప్తిగా తల ఊపి వ్యాను వైపు నడిచాడు. మనకీ మాకూ మధ్య ఆయనకు ఏ తేడా వినపడలేదు. ముద్ర చెక్కేటప్పుడు ఒక్క గీత తేడా వచ్చినా పారేసే మనిషి. నేను బిక్కచచ్చిపోయి అక్క వైపు చూశాను. అక్క ముఖం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

లెక్కింపులో బావ ఓడిపోయాడు. భారీగా ఓడినా ఒక అందం ఉండేది. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఓట్లతో ఓడాడు. అందులో పోస్టులో వచ్చినవాటిలో ఆయనే ముందున్నాడు, హాల్లో పడినవాటిలో వెనకబడ్డాడు. దాంతో ఆ రోజు నుంచి పోస్టు ఓటు పవిత్రమైపోయింది. "కవరులో పెట్టి, అంటించి, సంతకం చేసి పంపింది నిజమైన ఓటు," అనడం మొదలుపెట్టాడు. "ఆ తెర వెనక ఏం జరిగిందో ఎవడు చూశాడు?" అదే చొక్కా, అదే జేబు. ఉపన్యాసం మాత్రం తిరగేసి ఇస్త్రీ చేసినట్టుంది.

మోసం జరిగిందని బావ ఫిర్యాదు చేస్తే, ఓటేసినవాళ్ళ దగ్గర సంతకాలతో కాగితాలు తీసుకురమ్మని ఎన్నికల ఆఫీసువాళ్ళు అన్నారు. అవి చాలినన్ని ఉంటే ఆ హాల్లో మళ్ళీ పోలింగు పెట్టే ఆలోచన చేస్తామన్నారు. బావ ఊరంతా తిరిగాడు. నీకే వేశామని అందరూ అన్నారు. సంతకం అనగానే అందరికీ పొయ్యి మీద ఏదో మాడింది. ఇంక మిగిలింది మేము.

మళ్ళీ అదే బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒక్కొక్కరి ముందు ఒక టైపు చేసిన కాగితం: 'నేను పై అభ్యర్థికే ఓటు వేశానని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.'

దైవసాక్షిగా అన్న మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. సంతకం పెడితే దేవుడి పేరు మీద అబద్ధం. అది నిజమని నమ్మి మళ్ళీ పోలింగు పెడితే, ఈసారి బావ ఎలాగోలా గెలిస్తే, మిషను రోడ్డు మీదకు. పెట్టకపోతే ఇక్కడికిక్కడే దొరికిపోతాను. స్వామీ, నన్ను ఇందులోకి ఎందుకు లాగావు, నీ పేరు లేకుండా టైపు చేయించలేకపోయావా అనుకున్నాను.

బావ పెన్ను మా ఆవిడ ముందుకు చాపాడు. "నువ్వు ముందు పెట్టమ్మా. నువ్వైతే నా ముందే చెప్పావు, మనకే అని."

"నేను మాకే అన్నాను అన్నయ్యగారూ," అంది మా ఆవిడ మెల్లగా.

"అదే. మనకే."

"కాదు. మాకే."

బావ పెన్ను పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన పెదాలు ఆ రెండు మాటలనూ లోపల్లోపల పలికి చూసుకుంటున్నాయి. ఆ వెతుకులాట ఎంతసేపు సాగేదో గానీ, అక్క చెయ్యి చాపింది.

"ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

ఆయన ఇచ్చాడు. అక్క దానికి మూత పెట్టి బల్ల మీద పడుకోబెట్టింది.

"నేను మీకు వెయ్యలేదండీ. మోసం ఎవరూ చెయ్యలేదు. నేనే వెయ్యలేదు."

బావ నవ్వబోయాడు. "తమాషాకా?"

"నేను తమాషాలు ఎప్పుడు చేశాను?"

"ఎందుకు?"

"మందుల షాపావిడ మన గుమ్మం ముందుకొచ్చి, అమ్మా, మీ ఓటు నాకు వేస్తారా అని అడిగింది. మీ ఆయనే నిలబడ్డారని నాకు తెలుసు, అయినా అడగడం నా ధర్మం అంది. ఎంతసేపు నిలబడిపోయానో నాకే తెలియదు. నన్నెవరైనా ఏదైనా కావాలా, వద్దా, ఇస్తావా అని అడిగి ఎన్నాళ్ళయిందో లెక్కేసుకుంటూ. మీరు ఒక్కసారైనా అడిగారా?"

"నిన్ను అడిగేదేంటి? నువ్వు నా భార్యవి."

"అందుకే."

అక్క ఇంత పొడుగ్గా మాట్లాడగా నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. సిగ్గేసింది. నా ముందున్న కాగితాన్ని బావ వైపు జరిపాను.

"బావా, నేను కూడా వెయ్యలేదు."

"నువ్వు కూడానా? నా చొక్కాలు ఉతుకుతూ?"

"చొక్కాలకూ దీనికీ సంబంధం లేదు బావా. సందు పోతే మా ఆవిడ మిషను పోతుంది. మొన్న మీ ముందు చెప్పే ధైర్యం లేకపోయింది. తెర వెనక వచ్చింది."

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. మేము అటు వెయ్యకుండా ఇటు వేసుంటే ఆయన గెలిచేవాడు. ఆ లెక్క ఆయన ముఖం మీద అక్షరం అక్షరం కనపడింది.

"ఆ తెర కనిపెట్టినవాడికి పెళ్ళయి ఉండదు," అన్నాడు.

"అయ్యే ఉంటుంది," అంది అక్క. "కనిపెట్టింది అతని భార్య అయ్యుంటుంది."

బావ ఆఖరి ఆశగా అమ్మ వైపు తిరిగాడు. "అత్తయ్యగారూ, మీరైనా?"

"నీకే వేశాను నాయనా," అంది అమ్మ. ఆయన ముఖం కొంచెం వెలిగింది. "ఆవిడకీ వేశాను. అక్కడ నా వేలు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు."

వెలుగు ఆరిపోయింది. అమ్మ ఆయన్ని జాలిగా చూసి, "పోనీలే, నీ ఓటైనా నీకు పడింది కదా," అంది.

బావ తల ఊపబోయి ఆగిపోయాడు.

"ఎప్పుడు వేశావు నాయనా?" అంది అమ్మ. "మేము వేస్తున్నంతసేపూ ఆ గీత అవతలే ఉన్నావు. తర్వాత వ్యానెక్కి మమ్మల్ని ఇక్కడ దింపావు. తర్వాత ఇక్కడే పడుకున్నావు, కాళ్ళు నొప్పులని."

ఆయన పోస్టు ఓటు కూడా మా నాలుగింటితో పాటే తిరస్కరించారు. ఠప్పుమని మొదట పడింది దాని మీదే. పోలింగు రోజు మా అందరి ఓట్లకూ కాపలా కాస్తూ, తన ఓటు సంగతి తానే మర్చిపోయాడు.

మా ఆవిడ నా వైపు చూసింది, నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంటూ. నేను కిటికీ వైపు చూశాను. ఎంతైనా బావ. ఆ క్షణంలో నవ్వితే దేవుడు క్షమిస్తాడేమో గానీ ఆయన క్షమించడు.

కాసేపటికి బావ ఆ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యకు చింపి, మళ్ళీ మధ్యకు చింపాడు. "సందు సంగతి ఆవిడే చూసుకుంటుందిలే," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. మా ఆవిడ ఊపిరి వదలడం నాకు పక్కనుంచి వినిపించింది. ఎవరిదో ప్యాంటు ఇవ్వాలి, వాళ్ళు వచ్చి నిలబడి ఉంటారని లేచి చెప్పులు వేసుకుంది.

అక్క కూడా లేచి వంటింట్లోకి వెళ్ళింది. బావ అలవాటుగా అటు తల తిప్పి, "కాఫీ," అన్నాడు.

లోపల్నుంచి ఏమీ వినపడలేదు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. మా అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. తర్వాత, చాలా కొత్తగా, అరువు తెచ్చుకున్న మాటను పలికినట్టు, "కాఫీ ఇస్తావా?" అన్నాడు.

"ఆలోచించి చెప్తాను," అంది అక్క.